పెయిన్స్‌విక్ సమాధుల మీద రాతలు చదవడం ఎలా?

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో ఉంటున్నాను. ఇక్కడి పెయిన్స్‌విక్‌లో సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో, నున్నగా కత్తిరించిన యూ చెట్ల మధ్య 17, 18వ శతాబ్దాల నాటి రాతి సమాధులున్నాయి. ఉన్ని బట్టల వ్యాపారంలో గడించినవాళ్లవి చాలానే ఉన్నాయి. 1787లో పోయిన జాన్ బ్రయాన్ అనే శిల్పి సమాధి అయితే ఏకంగా పిరమిడ్!

చిక్కల్లా రాతలతోనే. సున్నపురాయి కదా, అరిగిపోయాయి. పేరులో మొదటి అక్షరం కనిపిస్తే రెండోది పాచి కింద ఉంటుంది. సుద్దముక్క రుద్దమని ఒకరన్నారు గానీ, రాయి పాడవుతుందని నా భయం. సాయంత్రం ఏటవాలు ఎండలో ఫోటో తీస్తే కొంత నయం. పక్కనుంచి టార్చి వేసి తీసినవాళ్లెవరైనా ఉన్నారా? దానికి ఫోన్ కెమెరా చాలుతుందా? అలాగే, పేర్లు సరిచూసుకోవడానికి పాత చర్చి రిజిస్టర్లు ఎక్కడ చూడొచ్చో తెలిస్తే చెప్పండి.