అప్‌డేట్: అమ్మకు ప్యాటర్న్ ఈఆర్‌జీ టెస్ట్ అయిపోయింది

గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్న అమ్మకు ఈ టెస్ట్ రాశారు, కంట్లో కరెంట్ పెడతారా అని టెన్షన్ పడుతూ అడిగాను కదా. కరెంట్ ఏమీ పెట్టరండీ. కంటి వెనక పొర రెటీనాలో పుట్టే కరెంట్ సిగ్నల్‌నే కొలుస్తారు, అది వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుందట. కింది రెప్ప లోపల సన్నటి దారం లాంటి ఎలక్ట్రోడ్ ఆనించి, నలుపు తెలుపు గళ్లు చకచకా తారుమారయ్యే స్క్రీన్ మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ ఉండమన్నారు. కంటిపాప పెద్దదయ్యే మందు వేయలేదు, కళ్లద్దాలు కూడా తీయించలేదు. రెప్ప కొట్టకుండా ఉండటమే అమ్మకు కష్టమైంది.

ఎడమ కంటి సిగ్నల్‌లో ఎన్95 అనే అల తగ్గింది, అంటే అక్కడ చూపును మెదడుకు చేరవేసే గాంగ్లియన్ కణాలు సరిగా పనిచేయడం లేదని. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాల్సిన ఫీల్డ్ టెస్ట్‌లో (చుట్టుపక్కల చూపు పరీక్ష) తడబడే అమ్మలాంటి వాళ్లకు ఇది నిజంగా మేలు, కానీ ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) మాత్రం మానకూడదన్నారు. చుక్కల మందు మార్చారు. ధైర్యం చెప్పిన అందరికీ థాంక్స్.