ఎగరేయడమా, ఆవిష్కరించడమా?

జనగామ నుంచి:
మిత్రులకు నమస్కారం. పంద్రాగస్టుకు మా హైస్కూల్లో జెండా వందనానికి ఎమ్మెల్యే గారు వస్తున్నారు. ప్రెస్‌నోట్ రాసే పని నా మీద పడింది. "జాతీయ పతాకాన్ని ఆవిష్కరించారు" అని ముందే రాసిపెడితే, హెడ్మాస్టర్ గారు దాన్ని కొట్టేసి "ఎగురవేశారు" అని దిద్దారు. జనవరిలో ఇదే మాట రాస్తే ఏమీ అనలేదు. పేపర్లో రెండు రోజులూ "ఆవిష్కరించారు" అనే వస్తుంది కదా. తేడా ఏంటో చెప్పగలరా?

హన్మకొండ నుంచి:
తమ్ముడూ, మీ సార్ దిద్దింది సరిగ్గానే ఉంది. "ఆవిష్కరణ"లో ముందున్న "ఆవిస్" అంటే బయటికి, కళ్లకు కనబడేట్టు అని అర్థం. పుస్తకం మీది రంగు కాగితం విప్పితే పుస్తకావిష్కరణ, విగ్రహం మీది గుడ్డ లాగితే విగ్రహావిష్కరణ. అప్పటికే అక్కడ ఉన్నదాని ముసుగు తీయడం అన్నమాట. ఛబ్బీస్ జనవరి నాడు జరిగేది అదే. జెండా పొద్దున్నే కర్ర కొసన మూటలా ఉంటుంది, తాడు లాగితే విచ్చుకుంటుంది. ఢిల్లీలో రాష్ట్రపతి చేసేదీ ఇదే. 1950 నాటికి మన జెండా ఎగురుతూనే ఉంది, ఆ రోజు కొత్తగా అమల్లోకి వచ్చింది రాజ్యాంగం.

పంద్రాగస్టు సంగతి వేరు. ఎర్రకోట మీద ప్రధాని జెండాను కింది నుంచి పైకి ఎక్కిస్తారు. పరాయి జెండా దిగి మన జెండా ఎక్కినదానికి అది గుర్తు. గుళ్లో బ్రహ్మోత్సవాల మొదట్లో చేసే ధ్వజారోహణంలో ఉన్నది కూడా ఈ ఎక్కడమే.

నేను ఇరవై ఏళ్లకు పైగా బళ్లో పనిచేశాను. జెండా కట్టడం నా పనే. ముందురోజు సాయంత్రం మడతల మధ్య బంతిరేకులు పోసి, లాగితే జారే ముడి వేసేదాన్ని. రెండు పండుగలకూ అలాగే కట్టేదాన్ని. ఒక ఏడు రాత్రంతా వాన పడి ముడి బిగుసుకుపోయింది. ముఖ్య అతిథిగా వచ్చిన ప్రజాప్రతినిధి మూడుసార్లు లాగినా విచ్చుకోలేదు. నాకు చేతులు వణికాయి. మూటను కిందికి దింపి, పళ్లతో ముడి విప్పి, తడి రేకులు దులిపి, జెండాను మళ్లీ తాడుకు కట్టి ఇచ్చాను. ఆయన మెల్లగా పైకి లాగుతుంటే పిల్లలంతా తలలెత్తి చూశారు. అది పంద్రాగస్టు. ఆ రోజు చేయాల్సింది అసలు అదేనని నాకు అప్పుడు తెలిసింది.

పరకాల నుంచి:
అక్కా, మా పరకాలోళ్లకు "జెండా ఎగరేసుడు" అంటే ఉత్త మాట కాదు. 1947 సెప్టెంబర్ 2న జెండా ఎగరేద్దామని చుట్టుపక్కల ఊళ్ల జనం ఇక్కడికి కదిలొచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పద్దెనిమిది రోజులు. నిజాం రాజ్యంలో మాత్రం ఆ జెండా పట్టుకోవడమే నేరం. జనం మీద కాల్పులు జరిగాయి. ఇప్పుడున్న అమరధామం వాళ్ల గుర్తే. అంతకు ముందు 1946 ఆగస్టులో వరంగల్ కోటలో బత్తిని మొగిలయ్య ప్రాణం పోయింది కూడా జెండా ఎగరేసిన నాడే. వాళ్లు జెండాను "ఆవిష్కరించారు" అని రాస్తే నాకు మనసొప్పదు. వాళ్ల ముందు తాడు లాగితే విచ్చుకునే మూట లేదు.

కరీంనగర్ నుంచి:
మేడం, మీరు చెప్పింది బాగుంది. కానీ ఎగరేయడం అంటే గాలిపటానికి వాడే మాటలా ఉంటుంది. ఎమ్మెల్యే, ఎంపీ వచ్చిన సభకు "ఆవిష్కరణ" మర్యాదగా ఉంటుందని రాస్తారేమో. ఇంకో సందేహం, మరి జూన్ 2న ఏం రాయాలి?

హన్మకొండ నుంచి:
అన్నా, మర్యాద కావాలంటే "పతాకారోహణ చేశారు" అనొచ్చు. నా మటుకు నాకు "ఎగురవేశారు"లో ఏ లోటూ కనిపించదు. పరకాల తమ్ముడు చెప్పింది విన్నాక అస్సలు కనిపించదు. జూన్ 2కు తాడును చూసి రాయండి. కింది నుంచి ఎక్కితే ఎగురవేశారు, పైన విచ్చుకుంటే ఆవిష్కరించారు. ఆ రోజు పేరులోనూ మన "ఆవిస్" ఉంది చూశారా, ఆవిర్భావం అంటే బయటపడి కనిపించడం. "అవతరణ దినోత్సవం" అని కూడా రాస్తారు, తప్పు కాదు. కానీ అవతరణ అంటే పైనుంచి దిగిరావడం. 2014లో తెలంగాణ దిగి రాలేదు, కొట్లాడి తెచ్చుకున్నాం. అందుకే నేను ఆవిర్భావమే రాస్తాను.

జనగామ నుంచి:
చాలా సంతోషం అక్కా. "ఎమ్మెల్యే గారు జాతీయ జెండాను ఎగురవేశారు" అని మార్చాను. జెండాను ఈసారి కింది నుంచే ఎక్కిద్దామని పీఈటీ సార్‌కు కూడా చెప్పాను, తాడు కొత్తది తెస్తానన్నారు. చివరిగా ఒకటి, "ఎగురవేసారు"నా, "ఎగురవేశారు"నా?

హన్మకొండ నుంచి:
"శ"తోనే తమ్ముడూ. చేశారు, వేశారు, ఎగురవేశారు.