అప్‌డేట్: నాన్న పోయాక నిద్ర పట్టడం లేదని అడిగింది నేనే
మూడు నెలల కిందట అడిగాను కదా, రాత్రిళ్లు ఏం వింటే నిద్ర పడుతుందని. జోలపాటల రాగమని చాలామంది నీలాంబరి వినమన్నారు. మొదటి వారం నిద్ర రాలేదు సరికదా, ఏడుపొచ్చింది. అలా ఏడ్చాకే కాస్త కునుకు పట్టింది. హుషారు పాటలు పెట్టుకోమన్నవాళ్లకు సారీ, అవి నాకు అస్సలు పడలేదు.

ఇప్పుడు పొద్దున్నే విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని పెడుతున్నాను. నాన్న గడ్డం గీసుకుంటూ వినేవారు. చరణం నచ్చితే బుగ్గ మీద నురగ ఆరిపోతున్నా రేజరు ఆపేసేవారు. మొదట్లో అమ్మ "కట్టెయ్యరా, వినలేను" అనేది. నిన్న వంటింట్లోంచి "కాస్త సౌండు పెంచు" అంది.

నిద్రమాత్ర డాక్టరుగారు సగానికి తగ్గించారు. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.