రీబాండింగ్ చేయించిన జుట్టుకు మళ్లీ మందు: కుదుళ్లకేనా, జుట్టంతటికీనా?

ఉంగరాల జడ
శ్రావణంలో రీబాండింగ్ చేయించాను. ఇప్పుడు పైన రెండున్నర అంగుళాల మేర ఉంగరాలు తిరిగాయి, కింద సాఫీగా ఉంది. మాఘంలో చెల్లెలి పెళ్లి. పార్లర్‌లో జుట్టంతటికీ మళ్లీ మందు పెట్టాలంటున్నారు. కుదుళ్లకే పెడితే గీత గీసినట్టు తేడా తెలుస్తుందట. నిజమేనా?

విజయవాడ పార్లర్ అక్క
ఒప్పుకోకమ్మా. మందులోని థయోగ్లైకొలేట్ వెంట్రుకలోని గంధకపు బంధాలను విడదీస్తుంది. ఐరన్ పెట్టి సాపు చేశాక న్యూట్రలైజర్ వాటిని కొత్త ఆకారంలో కలుపుతుంది. ఒకసారి సాపైన భాగం మళ్లీ ఉంగరాలు తిరగదు. దానికి రెండోసారి మందు ఎందుకు? నేనైతే పాత జుట్టుకు కండిషనర్ దట్టంగా పట్టించి, సన్నని పాయలు తీసి, మాడుకు పావు అంగుళం ఎడం వదిలి కొత్త జుట్టుకే రాస్తాను. మధ్యమధ్య ఒక వెంట్రుక తుడిచి, మెల్లగా లాగి చూస్తాను. కాస్త సాగితే చాలు, ఇంకా టైము ఉందని ఆగకుండా కడిగేస్తాను.

నెల్లూరు కోడలు
అక్కా, నాకూ కుదుళ్లకే అన్నారు. మందు వేలెడు మేర పాత జుట్టు మీదికి జారింది. పదిహేను రోజులకు దువ్వెన నిండా పొడవాటి వెంట్రుకలు. ఒక్కదానికీ చివర తెల్లని బొడిపె లేదు, అంటే ఊడినవి కావు, తెగినవి. పాపిట పక్కన రెండంగుళాల మొలకలు నిక్కబొడుచుకుని ఏడాది పాటు జడలో ఇమడలేదు. పెరగనిచ్చి, కింది జుట్టు కొద్దికొద్దిగా కత్తిరించుకోవడమే నయం.

అట్లాంటా నుంచి
ఇక్కడి నల్లజాతి స్త్రీలు తరతరాలుగా జుట్టు సాపు చేసే రిలాక్సర్ అనే మందు వాడుతున్నారు. కొత్త జుట్టుకు ఎనిమిది, పది వారాలకోసారి పెట్టించుకుంటారు. ఆ మందు వేరు, సోడియం హైడ్రాక్సైడ్ వంటి క్షారం. దాని మీద మన రీబాండింగ్ మందు పడితే జుట్టు తెగిపోతుంది. పేరు అడగకుండా ఏ మందూ పెట్టించుకోకండి. ఇంకో మాట. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం 33,497 మంది స్త్రీలను పరిశీలించింది. ఏడాదిలో నాలుగుసార్లకు మించి ఇటువంటి మందులు వాడినవారికి 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతమని, వాడనివారికి 1.64 శాతమని అంచనా వేసింది. మందే కారణమని తేల్చలేదు. అయినా మా అమ్మాయికి మాత్రం వద్దనే చెప్పాను.

విజయవాడ పార్లర్ అక్క
నెల్లూరు చెల్లీ, నీకు జరిగింది చేతి తప్పే, కాదనను. అంచు దాటకుండా రాయడం అందరికీ చేతకాదు. ఉంగరాల జడా, ఈ మధ్య గోరింటాకు పెట్టావా? బజారు పొడుల్లో కొన్నిటికి లోహ లవణాలు కలుపుతారు. వాటి మీద ఈ మందు పడితే జుట్టు పాడవుతుంది.

ఉంగరాల జడ
దీపావళికి నల్ల గోరింటాకు పొడి పెట్టాను! పార్లర్‌లో ఎవరూ అడగలేదక్కా.

విజయవాడ పార్లర్ అక్క
అయితే తలకు ఏదీ తగలనివ్వకు. దువ్వినప్పుడు రాలిన వెంట్రుకలు దాచి తీసుకెళ్లు. ముందు వాటి మీద మందు వేసి నీ కళ్లముందే చూపించమను.

ఉంగరాల జడ
రేపే తలస్నానం. కవరు సిద్ధంగా పెట్టుకున్నాను.