నెట్ సరిగా రాని హైస్కూల్లో ప్యానెల్, ట్యాబ్‌లతో పాఠం నడపడం ఎలా?

ప్రశ్న: భౌతికశాస్త్రం_ఎస్ఏ

అందరికీ నమస్కారం. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. 8, 9, 10 తరగతులు, సెక్షన్‌కి నలభై మంది దాకా ఉంటారు. 65 అంగుళాల ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఒకటి, పనిచేసే ట్యాబ్‌లు 18, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి ఉన్నాయి. నెట్ పొద్దున కాస్త పలుకుతుంది, పదకొండు దాటితే వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో పాఠం తెరిచేసరికి సగం పీరియడ్ అయిపోతోంది.

బడిలోనే సర్వర్ లాంటిది (పాఠాలు దాచి ట్యాబ్‌లకు అందించే కంప్యూటర్) పెట్టుకోవచ్చంటున్నారు. దానికి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కొనాల్సిందేనా, ఉన్న లాప్‌టాప్ చాలా? ఇంకొకటి, అసలు బాధ ఇదే: వీడియో వేస్తే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు, ఆపి ప్రశ్న అడిగితే నోరు మెదపరు. చేసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1: బడి_సర్వర్

లాప్‌టాప్ చాలు సార్, ఇప్పుడే ఏమీ కొనకండి. కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పాఠాలను ఒక కంప్యూటర్‌లో దాచి నెట్ లేకుండానే ట్యాబ్‌లకు అందిస్తుంది, లెర్నింగ్ ఈక్వాలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసింది. విండోస్ 10 మీద 4 జీబీ ర్యామ్‌తో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు.

మొదటి పని నెట్ బాగా వచ్చే చోట చేయాలి. ఇంట్లోనో మండల కేంద్రంలోనో లాప్‌టాప్‌లో కొలిబ్రి ఎక్కించి, కావలసిన ఛానెళ్లు (పాఠాల కట్టలు) దించుకోండి. ఛానెల్ మొత్తం లాగకండి, డిస్కు నిండిపోతుంది. ఈ నెల చెప్పబోయే అధ్యాయాలకు మాత్రమే టిక్ పెట్టండి. ఇంకో మిషన్‌కి పంచాలంటే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేస్తే అందులో ఒక కొలిబ్రి ఫోల్డర్ తయారవుతుంది. దాని పేరు మార్చకండి, వేరే ఫోల్డర్‌లోకి జరపకండి. అలా చేస్తే రెండో మిషన్ దాన్ని గుర్తుపట్టదు. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

బడిలో మామూలు వైఫై రౌటర్ ఒకటి చాలు, నెట్ కనెక్షన్ అక్కర్లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకోకండి, చాలా ఫోన్లు పది పరికరాలకు మించి తీసుకోవు. లాప్‌టాప్‌ని రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌తోనే కలపండి. అది కూడా వైఫైలో ఉంటే ప్రతి వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఒకసారి లాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, మళ్లీ రౌటర్ నుంచి ట్యాబ్‌కి. వేగం సగానికి పడిపోతుంది.

తర్వాత ట్యాబ్ బ్రౌజర్‌లో లాప్‌టాప్ చిరునామా కొట్టాలి. 192.168.1.50:8080 లాంటిది. ఆ 8080 మరిచిపోతే పేజీ రాదు. సాధారణంగా తగిలే ఎదురుదెబ్బలు ఇవీ:

నెట్ లేని రౌటర్‌ని విండోస్ "పబ్లిక్" నెట్‌వర్క్‌గా లెక్కేసి, ఫైర్‌వాల్ అడ్డం పెడుతుంది. లాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుంటుంది, ట్యాబ్‌లో రాదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో "ప్రైవేట్"కి మార్చి, ఫైర్‌వాల్‌లో కొలిబ్రిని అనుమతించండి.

రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు లాప్‌టాప్ చిరునామా మారిపోవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ లాప్‌టాప్‌కి ఒక చిరునామా కట్టేయండి. దాన్ని చార్టు మీద రాసి గోడకు అంటించండి.

మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. పవర్ సెట్టింగుల్లో మూత వేసినా ఏమీ చేయొద్దని పెట్టండి.

ఇక 18 ట్యాబ్‌లలో ఒకేసారి వీడియో వేయించకండి. 480పీ వీడియోకి సుమారు 1 ఎంబీపీఎస్ కావాలి, లెక్కకు చవక రౌటర్ కూడా తట్టుకోవాలి. కానీ అందరూ ఒకే క్షణంలో ప్లే నొక్కినప్పుడు మొదటి నిమిషమే మొరాయిస్తుంది. వీడియో ప్యానెల్ మీద ఒక్కటే, ట్యాబ్‌లలో అభ్యాసాలే. అభ్యాసం తెరవడానికి పట్టే డేటా చాలా తక్కువ, జట్టుకి ఇద్దరో ముగ్గురో కూర్చుంటే 18తో సెక్షన్ మొత్తం సరిపోతుంది. జట్టు పేరుతోనే లాగిన్ చేయించండి, లేకపోతే మార్కులన్నీ ట్యాబ్ పట్టుకున్న పిల్లాడి ఖాతాలో పడతాయి.

జవాబు 2: యూపీఎస్_రాజు

పైన చెప్పినది సరే. కానీ రేపటి పీరియడ్‌కి సర్వర్ కూడా అక్కర్లేదు మాస్టారూ. దీక్ష యాప్‌లో పాఠం ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. క్యూఆర్ కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, పుస్తకం చేతిలో లేకపోయినా అది టైపు చేస్తే అదే పాఠం వస్తుంది. డౌన్‌లోడ్ అయినది గ్యాలరీలో వెతికితే దొరకదు, యాప్ లోపలే ఆడుతుంది. ఇంకొక టీచర్‌కి ఇవ్వాలంటే యాప్‌లోనే ఫైలుగా షేర్ చేయాలి, అవతలివాళ్ల దగ్గరా దీక్ష ఉండాలి.

లాప్‌టాప్‌ని ప్యానెల్‌కి కలిపేటప్పుడు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే పెడితే బొమ్మ వస్తుంది, టచ్ పనిచేయదు. టచ్‌కి వేరే యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది, ప్యానెల్ వైపు చదరపు కొస ఉన్నది. డబ్బాలోనే వచ్చి ఉంటుంది, చాలా బళ్లలో అది బీరువాలోనే ఉండిపోతుంది. ప్యానెల్ "టచ్ పాడైంది" అని ఫిర్యాదు రాసే ముందు ఆ కేబుల్ వెతకండి.

కరెంటు సంగతి. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద వాట్లు చూడండి. 200 వాట్లు అనుకుందాం. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది, ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. చేతికి వచ్చేది 800 దగ్గర, అంటే నాలుగు గంటలు. ఫ్యాన్లు కూడా దానికే తగిలిస్తే ఆ లెక్క మరిచిపోండి.

రాస్ప్‌బెర్రీ పై గురించి ఒక్క మాట. తక్కువ కరెంటుతో నడుస్తుంది, నిజమే. కానీ కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు పాడవుతుంది. పై 4లో గడియారానికి బ్యాటరీ లేదు, నెట్ లేకుండా మళ్లీ ఆన్ చేస్తే తేదీ వెనకబడుతుంది, పిల్లల రికార్డులో తేదీలన్నీ తప్పుతాయి. లాప్‌టాప్‌కి బ్యాటరీ, గడియారం రెండూ ఉన్నాయి కదా.

జవాబు 3: ప్రయోగం_ముందు

మీ రెండో ప్రశ్నకి వస్తాను మేడమ్/సార్, నాకు అదే ముఖ్యం అనిపించింది. వీడియో ముందు, ప్రశ్న తర్వాత అనే వరుసే చిక్కు. ప్రశ్న ముందు పెట్టండి, ప్రతి పిల్లా ఒక జవాబు రాసి దానికి కట్టుబడ్డాక తెర వెలిగించండి. తన జవాబు నిలుస్తుందా లేదా అని చూసే చూపు వేరు.

పదో తరగతి విద్యుత్తు పాఠం తీసుకోండి. ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ వాళ్లవి) ఉచితం, కొన్ని తెలుగులో ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది, నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. డీసీ సర్క్యూట్ కిట్ దించుకోండి. అందులో బ్యాటరీ 9 వోల్టులు, బల్బు 10 ఓమ్‌లు ముందే పెట్టి ఉంటాయి.

ఒక బల్బు పెట్టి అమ్మీటరు చూపించండి: 0.9 ఆంపియర్లు. ఇప్పుడు తెర ఆపేసి అడగండి: "ఇదే తీగలో వరుసగా ఇంకో బల్బు పెడితే మొదటి బల్బు ఎలా వెలుగుతుంది, రెండోది ఎలా వెలుగుతుంది?" నోటుబుక్‌లో రాయించండి. మొదటి బల్బు కరెంటు తినేసి రెండోదానికి తక్కువ ఇస్తుందని చాలామంది రాస్తారు. ఎన్ని మార్కులొచ్చే పిల్లలైనా ఇందులో పడతారు. తర్వాత కలిపి చూపించండి. రెండింటిలోనూ 0.45, అమ్మీటరు ఎక్కడ పెట్టినా అదే. సమాంతరంగా కలిపితే ఒక్కోదానిలో 0.9, బ్యాటరీ దగ్గర 1.8. ఈ మూడు అంకెల మీద ఒక పీరియడ్ సరదాగా గడిచిపోతుంది.

పిల్లలకు ట్యాబ్ ఇస్తే మొట్టమొదట బ్యాటరీ రెండు కొసలూ తీగతో కలిపి మంట పుట్టిస్తారు. రెండు నిమిషాలు వదిలేయండి, ఆ మోజు తీరాకే పని మొదలవుతుంది. "మంట ఎందుకొచ్చింది?" అన్నది ఎలాగూ పాఠమే.

సిమ్యులేషన్‌తో ఆపకండి. మర్నాడు రెండు టార్చి సెల్లులు, రెండు 2.5 వోల్టుల బల్బులు, తీగ ముక్కలతో అదే సర్క్యూట్ కట్టించండి. మల్టీమీటరు ఉంటే వరుస సంధానంలో కరెంటు సరిగ్గా సగం రాదు, సగం కంటే ఎక్కువే చూపిస్తుంది. వేడెక్కిన ఫిలమెంటు నిరోధం ఎక్కువ, మసకగా వెలిగేటప్పుడు తక్కువ. తెర మీది బల్బు 10 ఓమ్‌లకే కట్టుబడి ఉంటుంది, చేతిలోది ఉండదు. ఈ తేడాని పిల్లలే కనిపెడితే అంతకంటే ఏం కావాలి.

వీడియోలే వాడాల్సి వస్తే మూడు నాలుగు నిమిషాల ముక్క చాలు. ఇంగ్లీషు వీడియో అయితే శబ్దం ఆపేసి మీరే తెలుగులో చెప్పండి, ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉంటుంది.

జవాబు 4: యూనికోడ్_చాదస్తం

ఎవరూ చెప్పలేదు కాబట్టి: మీ ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉంటే ప్యానెల్ మీద అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల స్థానంలో పెడతాయి, ఫాంట్ లేని మిషన్‌కి ఆ సంగతి తెలియదు. చూపించడానికే అయితే పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. కొలిబ్రిలోకో గూగుల్ ఫారంలోకో ప్రశ్నలు కాపీ చేయాలంటే మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఏ మిషన్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి) మార్చక తప్పదు. మార్చాక వత్తులు, అంకెలు ఒకసారి కంటితో చూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. స్లయిడ్‌లో 32 పాయింట్లకు తగ్గితే వెనక బెంచీకి గుణింతం గుర్తులు కలిసిపోతాయి.

భౌతికశాస్త్రం_ఎస్ఏ

అందరికీ ధన్యవాదాలు. కొలిబ్రి ట్యాబ్‌లలో తెరుచుకుంది. రెండు చిక్కులు మిగిలాయి: సిమ్ ఉన్న ట్యాబ్‌లు కాసేపటికి మన వైఫై వదిలేస్తున్నాయి. ప్యానెల్ సొంత బ్రౌజర్‌లో ఫెట్ తెరిస్తే తెల్ల తెర వస్తోంది.

బడి_సర్వర్

మొదటిది: వైఫైలో నెట్ లేదని ఆండ్రాయిడ్ మొబైల్ డేటాకి దూకేస్తుంది. కలిసేటప్పుడు "నెట్ లేదు, అయినా ఉండాలా?" అని అడుగుతుంది, అక్కడ అవును నొక్కి, మళ్లీ అడగొద్దని టిక్ పెట్టండి. ఆ ప్రశ్న దాటిపోయి ఉంటే ఆ వైఫైని "ఫర్గెట్" చేసి మళ్లీ కలపండి. అప్పటికీ దూకితే పీరియడ్ వరకు మొబైల్ డేటా ఆపేయండి.

రెండోది: ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్ బ్రౌజర్ పాతది అయి ఉంటుంది. అప్‌డేట్ దొరికితే చేయండి, దొరక్కపోతే ఫెట్‌ని లాప్‌టాప్‌లోనే తెరిచి హెచ్‌డీఎంఐతో, రాజు గారు చెప్పిన ఆ రెండో కేబుల్‌తో ప్యానెల్‌కి కలపండి. ట్యాబ్‌లకు కూడా ఫెట్ పంచాలంటే ఆ ఫైలు పేరు ఇండెక్స్ అని మార్చి, జిప్ చేసి, కొలిబ్రి స్టూడియోలో (ఛానెళ్లు తయారుచేసుకునే వెబ్‌సైటు) మీ సొంత ఛానెల్‌గా ఎక్కించవచ్చు. జిప్ తెరవగానే ఆ ఫైలు ఎదురుగా ఉండాలి, ఇంకో ఫోల్డర్ లోపల ఉంటే తెరుచుకోదు. స్టూడియో పని మాత్రం నెట్ ఉన్నప్పుడే.