నడవమంటే తలూపుతారు, నడవరు. మీరేం చేస్తున్నారు?

నేను ఆరోగ్య కార్యకర్తగా చేరి నాలుగేళ్ళయింది. ఇళ్ళకు వెళ్ళి బీపీ చూడటం, మందులు వేసుకుంటున్నారా లేదా కనుక్కోవడం వరకు ఇబ్బంది లేదు. వ్యాయామం దగ్గరే నా బండి ఆగిపోతోంది. మా ఫారంలో ‘వ్యాయామం గురించి చెప్పారా?’ అని ఒక గడి ఉంటుంది. చెప్తాను, టిక్కు పెడతాను, వచ్చేస్తాను. మళ్ళీ నెల వెళ్తే కథ మొదటికే.

58 ఏళ్ళ ఆవిడ ఒకరున్నారు. షుగరు, మోకాళ్ళ నొప్పులు. “లేచింది మొదలు పనే కదమ్మా, మళ్ళీ నడక కూడానా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వారానికి 150 నిమిషాలు అనగానే ఆవిడ మొహం వాడిపోయింది. (నిజం చెప్పొద్దూ, ఇళ్ళు తిరగడం తప్ప నేను చేసే వ్యాయామమూ ఏం లేదు.)

జవాబు 1
ఆ అంకెతో మొదలుపెట్టకమ్మా, భయపడిపోతారు. పైగా ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. ఇంటిపని కూడా శారీరక శ్రమే. ఒక్కసారికి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. కాబట్టి ముందు “నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?” అని అడుగు. వాళ్ళు చెప్తుంటే నువ్వు మాట్లాడకు, అదే కష్టం. చేసే పనిలో ఏది ఒంటికి పడుతోందో తేల్చడానికి నేను వాడేది ఒకటే కొలత: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఇంకోటి. కుర్చీలో కూర్చుని ఫారం నింపకు. “వీధి చివరిదాకా వెళ్దాం రండి” అని నడుస్తూ అడుగు. రాసుకోవడం తర్వాతైనా అవుతుంది.

జవాబు 2
ఫిజియోథెరపిస్టుని. మోకాళ్ళ నొప్పి ఉన్నావిడకి నడకొక్కటే ఎందుకండీ? గోడకి ఆనించిన కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోమనండి. తొడ కండరాలు గట్టిపడితే మోకాలికి ఆసరా. ఇలాంటి కండరాల వ్యాయామం వారానికి రెండు రోజులైనా ఉండాలి. అయితే ఆవిడ ఇన్సులిన్ మీదున్నారా, ఏ మాత్రలు వాడుతున్నారు అనేది ముందు చూడండి. కొన్నిటితో వ్యాయామం చేస్తే షుగరు పడిపోవచ్చు. వణుకు, చెమటలు వస్తే ఆపి తీపి ఏదైనా తీసుకోమనండి. అరికాళ్ళలో పుండ్లున్నాయేమో కూడా చూడండి. ఛాతీ నొప్పి వస్తే మాత్రం అక్కడితో ఆపి వెంటనే ఆసుపత్రికి, బేరాల్లేవు.

జవాబు 3
నేను కార్యకర్తని కాదు. మా అమ్మ నడవనంటే బద్ధకం అనుకున్నాం, విసుక్కున్నాం కూడా. ఇంటికొచ్చే కార్యకర్త “ఎందుకు వద్దనిపిస్తోందమ్మా?” అని అడిగితే అప్పుడు బయటపడింది, అంతకుముందు ఒకసారి జారిపడిందట. మాకు చెప్పనేలేదు. తర్వాత కొన్నాళ్ళు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకునే నడిచింది.

అడిగినావిడే
అందరికీ థాంక్స్. నిన్న వెళ్ళాను. ఇన్సులిన్ లేదు, మాత్రల పేర్లు రాసుకుని డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాం. కుర్చీలోంచి ఐదుసార్లు లేచారు. ఆరోసారికి “నువ్వూ చెయ్యి, చూస్తాను” అన్నారు. చేశాను. నా తొడలు ఇంకా లాగుతున్నాయి. ఆ గడిలో టిక్కు పెట్టబుద్ధి కాలేదు, ‘5’ అని రాసొచ్చాను.