సమస్య: కదలకుండువాఁడె కండఁ బెంచు

సంచాలకుడు: మూడు వారాలు ఒక్కరోజూ మానకుండా జిమ్‌కి వెళ్లాను. మొన్న రోజూ ఎత్తే బరువే ఛాతీ దాకా దిగి అక్కడే ఆగిపోయింది, పక్కనున్నాయన పట్టి లేపాడు. రెండు రోజులు ఇంట్లో ఉండి వెళ్తే అదే బరువు హాయిగా లేచింది. అప్పుడు తట్టిందీ పాదం. చివర ఇదే వచ్చేలా పద్యం పూరించండి.

కందాభిమాని:
బరువు లెత్తినంతఁ బెరుగదు కండయు
నిద్రలోనె పెరుగు నిజము గనుము
వారమునకు నొక్క వాసరమైనను
కదలకుండువాఁడె కండఁ బెంచు

గణవిభజన: మూడో పాదంతో ముడి విప్పేశారు, భేష్. కానీ 'కండయు'లో ఆ 'యు' గణం (పాదంలో అక్షరాల కొలత) నింపడానికే వచ్చింది. 'బెరుగవు కండలు' అంటే సరిపోదూ?

కందాభిమాని: సరిపోతుంది, మార్చుకున్నాను. బరువెత్తేటప్పుడు కండరాల పోగులు సన్నగా చిరుగుతాయి. ఒళ్లు వాటిని అతికించుకునేది ఆ తర్వాతే. అందుకే ఈరోజు కాళ్లకు చేస్తే 48 గంటల దాకా మళ్లీ వాటి జోలికి పోను.

నడకదారి:
నిదుర లేచి నాడి నెమ్మదిఁ జూడఁగ
నెప్పటికిని మించి యెగసెనేని
పరుగు మాని నాఁడు పడకపై నుండుము
కదలకుండువాఁడె కండఁ బెంచు

సంచాలకుడు: నాడిని పట్టుకొచ్చారు, ఎవరికీ తట్టని చోటు! ఒక్కరోజు ఎక్కువ కొట్టుకుంటే జ్వరమో నిద్రలేమో కావచ్చు. వరసగా నాలుగైదు రోజులు నిమిషానికి ఐదారు ఎక్కువే ఉండి, చిన్నదానికే చిరాకు, అలిసినా నిద్ర పట్టకపోవడం తోడైతే ఆగాల్సిందే. 'పడకపై' దగ్గర మాత్రం ఒప్పుకోను. మెల్లగా నడిచినా విశ్రాంతే.

గణవిభజన:
అలుపు చూడకుండ నతిశ్రమఁ జేసిన
కాలి యెముక చిట్లి కట్టు పడును
అపుడు దెలియు నతని కనుభవ సత్యము
కదలకుండువాఁడె కండఁ బెంచు

కందాభిమాని: 'నతిశ్రమ'! శ్ర ముందు తి గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా? నాలుగు లఘువుల నలం అనుకున్నారు, గణమే తప్పింది. పోయిన నెల నా 'ఘనప్రయత్నము'లో న గురువైందని మూడు వ్యాఖ్యలు రాసింది మీరే.

గణవిభజన: తప్పే, ఒప్పుకుంటున్నా. అయితే ఆ పద్యంలో మీ యతి, అదే పాదంలో అక్షరాల పొంతన, కూడా...

సంచాలకుడు: పాత పద్యం వదిలేయండి. 'అలుపు చూడకుండ నతిగ సాధన యేల?' అంటే గణాలు కుదురుతాయి, 'కాలి యెముక' కూడా చెక్కు చెదరదు.

కందాభిమాని: చక్కటి సవరణ. నిజానికి ఈ చర్చలో నన్ను ఆపిన మాట 'కట్టు పడును'. మనలో చాలామంది కాలినొప్పిని ఒళ్లు నొప్పులే అనుకుంటాం. వ్యాయామం చేశాక వచ్చే నొప్పి కండంతా పరుచుకుని ఉంటుంది, కొద్ది రోజుల్లో పోతుంది. ఎముక మీద ఒక్కచోట, వేలు పెట్టి చూపించేలా ఉండి, పరుగెత్తినకొద్దీ పెరుగుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంత సరిగ్గా ఎలా పట్టుకున్నారు?

గణవిభజన: అది నా కాలేనండీ. రోజూ పరుగే, ఒక్కరోజూ ఆపలేదు. వేలు పెట్టి చూపించే నొప్పితోనే పదిరోజులు పరుగెత్తాను. కట్టు వేసి ఇది మూడో వారం.

కందాభిమాని: అయ్యో, చెప్పనేలేదే! తెలిసుంటే 'ఘనప్రయత్నము' ఊసెత్తేవాణ్ణి కాదు. ఆ యతి సంగతి చెప్పండి, వింటాను. కట్టు విప్పాక మాత్రం ముందు నడకే, పరుగు వద్దు.